ధాన్యసురయు, మన సంస్కరణ వ్యాసములును

మద్యపానమును గర్హించుచు మన భాషలో వెలువడిన వ్యాసములకును, నాటికలకును, హరికథలకును కొదువ లేదు. వానిలో కొన్ని మనసును కదలించునవి. పెక్కు సదుద్దేశముతో వ్రాయబడినవి. త్రాగుడుచే కూలిన కాపురములను కన్నులార చూచినవారే వానిని వ్రాసిరి గనుక వారియెడ మాకు గౌరవము కలదు. అయినను ఆ వ్రాతలను వరుసగా చదివినవారికి ఒక లోపము కనబడక మానదు. తాటిచెట్టునుండి దిగిన కల్లు, కొండలలో ఆడువారు బియ్యముతోను చోళ్ళతోను కుండలో పులియబెట్టు పానము, బట్టీలో దిగిన సారా, సీసాలో మూతబిగించి వచ్చు విదేశీమద్యము, ఇవి యన్నియు ఆ వ్రాతలలో "మద్యము" అను ఒక్క మాటక్రింద ఇమిడిపోవును. బియ్యము, ఉప్పు, సున్నము తెల్లగానుండునని ఒకే డబ్బాలో పోసిపెట్టిన ఇల్లాలిని మన మేమందుము? మేము త్రాగుడును సమర్థింప బూనుకొనలేదు. సారా నిషేధమును కోరువారిలో మేమును చేరినవారమే. కాని వస్తువు నెరుగక చేసిన ఖండన ఆ వస్తువునకు తగులదు, పక్కనున్నవానికి తగులును. ఎవరికి తగిలినదో చూపుటయే ఈ వ్యాసమున మా పని.

ముందుగా మా యూరి మాట. కడియము ప్రాంతమున ధాన్యముతో సుర కాచు ఆచారము లేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన నాటినుండి ఈ డెల్టా వరిమయమైనను, ఇక్కడ మత్తునకు వరిని వాడినవారు లేరు. పంటకాలువల గట్లమీద తాడిచెట్లుండగా ఆ యవసరమును కలుగలేదు. కాని ప్రతి యింటను ధాన్యసురకు తోడబుట్టిన దొకటి యుండెడిది. దానిపేరు తరవాణి. వార్చిన గంజిని కుండలో పోసి, ముందటి కుండలోని పులుపును చుక్కవేసి, నిమ్మాకో ఉప్పో చేర్చి మూలను పెట్టెడివారు. రోజురోజు గంజి చేరుచుండును, పులుపు తయారగుచుండును. ఎండకాలమున ఆ నీటిలో నానిన చలిదియన్నమే పిల్లలకును పెద్దలకును చలువ. మడికట్టుకొన్న ముత్తవలు సైతము తరవాణికుండను దైవముతో సమానముగా చూచుకొనిరి. గంజి పులిసినది గదా, అది అశుచి గాదా యని ఎవరును వారి నడుగలేదు.

శాస్త్రదృష్టిచే చూచినచో తరవాణికిని ధాన్యసురకును నడుమ గోడ మిక్కిలి పలుచనిది. వండిన బియ్యములోని పిండిపదార్థము నీటిలో నుండగా గాలినుండియు కుండనుండియు సూక్ష్మజీవులు చేరును. పులుపును పుట్టించు జీవులు పైచేయియైనచో తరవాణి యగును. పిండి మొదట చక్కెరగా మారి, ఆ చక్కెరను ఈస్టు అను జీవి తిన్నచో సుర యగును. పిండిని చక్కెరగా మార్చుటకు ముఖ్యమైన మార్గములు రెండు: మొలకెత్తించిన గింజను పొడిచేసి కలుపుట యొకటి, బూజుపట్టించిన పిండిబిళ్ళను కలుపుట మరియొకటి. ఈ చేర్పునకే సంస్కృతమున కిణ్వమని పేరు.

ఇక్కడ అమరకోశమును విద్యార్థులకు చెప్పునపుడు మాకు తోచిన సంగతి యొకటి చెప్పవలసియున్నది. అమరసింహుడు కాంజికము, ఆరనాళము, సౌవీరము, ధాన్యామ్లము అను పులిగంజి పేరులను వైశ్యవర్గమున ఆహారపదార్థముల నడుమ చేర్చెను. సుర, హాల, కిణ్వము, నగ్నహువు అను మాటలను తరువాతి శూద్రవర్గమున చేర్చెను. బియ్యమొక్కటే, కుండయొక్కటే, పులిసిన తీరునుబట్టి వర్ణము మారినది. నిఘంటువు లోకవ్యవహారమును వ్రాసినదే గాని దానిని పుట్టించినది కాదందురు. ఔను. కాని ఆ వర్గీకరణమును బాల్యమున కంఠస్థము చేసి, పెద్దయైన తరువాత సంస్కరణ వ్యాసము వ్రాయ కూర్చున్నవాని కలములో అది చేరకుండునా? కంఠస్థము చేయించువారము గనుక ఈ సందేహము మాకు తరచుగా కలుగుచుండును.

ధర్మశాస్త్రముల సంగతి మరింత స్పష్టము. మనువు సురను మూడు విధములుగా విభజించెను: బెల్లముతోడిది గౌడి, పిండితోడిది పైష్టి, ఇప్పపూవుతోడిది మాధ్వి. విభజించి యూరకొనక, ఒకటి యెట్టిదో అన్నియు నట్టివే గనుక ద్విజోత్తములు వేనిని త్రాగరాదని నిర్ణయించెను. సుర అన్నముయొక్క మలమని ఆయన చెప్పిన కారణము ముఖ్యముగా పైష్టికి, అనగా ధాన్యసురకే వర్తించును. వ్యాఖ్యాతలు పైష్టిని మూడు వర్ణములకు నిషేధించి, తక్కిన రెంటిని బ్రాహ్మణునకు మాత్రము నిషేధించిరి. ఈ విధముగా అన్నింటిలో తక్కువ మత్తుగల ధాన్యసుర అన్నింటికంటె ఎక్కువ దోషము గలదైనది. వేదకాలమున సౌత్రామణి యను ఇష్టిలో మొలకెత్తిన ధాన్యముతోను పేలాలతోను సురను చేసి దేవతల కర్పించుట విధియై యుండెను. తరువాతి నిబంధనకారులు ఆ సురాగ్రహణమును కలివర్జ్యములలో చేర్చిరి.

మన సంస్కర్తలు మనువు చెప్పిన వర్ణభేదమును త్రోసివేసిరి, అది మెచ్చదగినది. కాని "ఒకటి యెట్టిదో అన్నియు నట్టివే" యను ఆయన వాక్యార్థమును మాత్రము పరీక్షింపక గ్రహించిరి. ద్విజుని శౌచమునకై పుట్టిన నియమము కొండవాని కుండకు ఆరోగ్యనియమముగా వచ్చి చేరినది. ఇది సంస్కరణమా, పాత ఆచారమునకు కొత్త అంగరఖాయా యని మేమడుగుచున్నాము.

అదే సంస్కృతవాఙ్మయమున మరియొక త్రోవయు గలదు. దానిని మనవారు చూడరు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణ మొకటి యున్నది. మేదకమను ధాన్యసురకు ఆయన చెప్పిన పాకము: ఒక ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము. ప్రస్థములలోనికి మార్చినచో 16 పాళ్ళ నీటికి 2 పాళ్ళ బియ్యము, 3 పాళ్ళ కిణ్వము. అనగా నేటి పలుచని జావవంటిది. సురవ్యాపారమును కౌటిల్యుడు రాజ్యమునకే పరిమితము చేసి, ఇతరచోటుల చేసి యమ్మినవారికి 600 పణముల దండము విధించెను. ఇంత కఠినుడైనవాడు కూడ, గృహస్థులు శుభకార్యములకు తెల్లసురను, ఔషధమునకు అరిష్టమును ఇంట చేసికొనవచ్చుననియు, ఉత్సవములకు, జాతరలకు నాలుగురోజులు సుర కాచుకొను అనుమతి ఈయవలెననియు విడిచిపెట్టెను. అంగడిసుర వేరు, ఇంటిసుర వేరు అని గ్రహించుటకు దయాగుణ మక్కరలేదు. లెక్క తెలిసిన చాలును. సురకును కిణ్వమునకును సంబంధించిన ఏరుడుపని ఆడువారు, పిల్లలు చేయవలెనని కూడ ఆయన వ్రాసెను. ఆ పని ఎవరి చేతులమీద నడచెనో దీనివలన తెలియుచున్నది.

నేడు మన పరిసరములలో ధాన్యసుర చూడవలెనన్న తూర్పుకనుమ లెక్కవలెను. కోరాపుట్టు, బస్తరు కొండలలో దీనిని లంద యందురు. మన తెలుగున లంద యనగా తోళ్ళు నానవేయు తొట్టి గనుక, పల్లపువాడు ఆ పేరు వినగానే ముక్కు మూసికొనును. అది మాటల పొరపాటే గాని పానముయొక్క తప్పు కాదు. నానబెట్టిన బియ్యమును దంచి, పిండిని ఆవిరిమీద ఉడికించి, చల్లార్చి, మొలకెత్తిన మొక్కజొన్న పొడియో చోళ్ళ పొడియో కలిపి, నీళ్ళుపోసి కొన్నిదినములు కుండలో ఉంచెదరు. దిగినది తెల్లగా, చిక్కగా, పుల్లగా నుండును. దానిని త్రాగుట యనుటకంటె త్రాగుచు తినుట యనవచ్చును. గింజ సారమంతయు అందే యుండును. మొలకెత్తుటవలనను, పులియుటవలనను ధాన్యములో కొన్ని బి-విటమినులు పెరుగునని ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఈ పానముయొక్క సాంఘికస్వభావమంతయు ఒక్క గుణమునందున్నది: అది నిలువయుండదు. దిగిన రెండుమూడు దినములలో పులిసి పాడగును. నిలువయుండనిది దాచుటకు రాదు, దూరము పంపుటకు రాదు, వడ్డీకి పెట్టుటకు రాదు. కావున కుండ దిగిన దినమున నలుగురిని పిలువక తప్పదు. పొలముపనికి సాయమువచ్చినవారికి అదియే కూలి. పిల్ల నడుగవచ్చినవారికి అదియే మర్యాద. తగవు తీరినపుడు ఇరుపక్షములవారు త్రాగుట అదియే సంతకము. పితృదేవతలకు నేలమీద మొదటి చుక్క వేయనిది ఎవరును ముట్టరు. గదబలు చనిపోయినవారికై జరుపు గోతర్ అను పెద్దకర్మమున ఈ కుండలు లేనిదే తంతు సాగదు. ఇంకొక సంగతి: కుండ పెట్టవలెనన్న ఇంట బియ్యముండవలెను. బియ్యము చాలని మాసమున కుండ పెట్టుట ఇల్లాలి చేతిలోని మాట. సారాదుకాణమునకు ఇట్టి కట్టుబాటేదియు లేదు. పంట పండినను, మాడినను అది సంవత్సరమంతయు తెరచియుండును, అప్పుకూడ ఇచ్చును.

మత్తు పరిమాణమును చూతము. పులిసిన కల్లులోను, ధాన్యసురలోను మద్యసారము సామాన్యముగా 100కి 4, 5 పాళ్ళ ప్రాంతమున నుండును. బట్టీలో దింపిన సారాలో అది 30కి పైబడును. పులియుట ప్రకృతి పని. కొంతదూరము పోయి తానే ఆగును, ఏలయన తాను పుట్టించిన మద్యసారమే ఈస్టును చంపును. బట్టీకి ఆగుట లేదు. ఈ రెంటిని ఒకే వాక్యములో ఒకే విశేషణముతో ఖండించిన వ్యాసములను మేము చదివినప్పుడెల్ల, వ్రాసినవారు రెంటిలో దేనిని చూడలేదని యనుమానింతుము. చూడనక్కరలేదు, నిజమే, విచారింపవచ్చును గదా.

ఈ విచారణలేమికి మన గోదావరిమండలమే యొకమారు ప్రాణములతో మూల్యము చెల్లించినది. రాజమహేంద్రవరమునకు ఉత్తరమున నున్న రంప కొండలలో కోయలు, కొండరెడ్లు జీలుగుచెట్టునుండియు తాటిచెట్టునుండియు కల్లు తీసికొని, సంవత్సరమున కొన్నిమాసములు దానిని ఆహారమునకు తోడుగా వాడుకొనెడివారు. పాపికొండల రెడ్లనుగూర్చి 1945లో గ్రంథము వెలువరించిన హైమెండార్ఫు పండితుడును ఈ సంగతిని వివరించెను. అక్కడి మన్సబుదారు అంతకుముందే చిగురుపన్ను పేర కల్లుచెట్లపై వసూలు చేయుచుండెను. దానికితోడు 1870 తరువాతి యేండ్లలో దొరతనమువారి అబ్కారీ నిబంధన వచ్చి, ఇంటివాడుకకు కల్లు తీయుటనుకూడ నిషేధించి, కల్లు రాబడిని గుత్తదార్లకిచ్చెను. తన పెరటిచెట్టు కల్లు త్రాగుటకు గుత్తదారునకు పైకము చెల్లించవలసివచ్చిన కొండరెడ్డి ఏమనుకొనియుండును? 1879 మార్చిలో చోడవరము ప్రాంతమున పోలీసులపై తిరుగుబాటు మొదలై, గొలుగొండ కొండలకును, భద్రాచలమువైపు రేకపల్లికిని ప్రాకినది. దానిని అణచుటకు సైన్యములు రావలసివచ్చెను; 1880లోగాని ముఖ్యభాగము చల్లారలేదు. విచారణకు వచ్చిన రెవిన్యూబోర్డు సభ్యుడు సల్లివన్ దొర ఈ కల్లుపన్నును ముఖ్యకారణములలో నొకటిగా గుర్తించెను. మన్సబుదారు పదవి పోయినది. కొండవారికి ఇంటివాడుక కల్లుపైనున్న అడ్డు తొలగినది. 1907లో హెమింగ్వే వ్రాసిన గోదావరిమండల గెజిటీరులో ఈ కథయంతయు నున్నది.

గమనింపుడు: ఆ అబ్కారీ నిబంధనను చేసినవారు తాము త్రాగుడును అదుపుచేయుచున్నామనియే చెప్పుకొనిరి. ఇంటికుండను పగులగొట్టి దుకాణమును తెరచుటకు ఆ మాట చక్కగా ఉపకరించినది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టముతో ఈ పద్ధతి రాజధానియంతట స్థిరపడినది. నిలువయుండని పానమునుండి సర్కారుకు పన్ను రాబట్టుట కష్టము. సీసాలోని సారానుండి సులభము. ఖజానా దేనిని కోరునో ఊహించుటకు అర్థశాస్త్రజ్ఞానము చాల అక్కరలేదు.

ఇట్టిదే సముద్రము కావల దక్షిణాఫ్రికాలో జరిగినది. అక్కడి ఆఫ్రికా స్త్రీలు జొన్నలతో ఇంట సుర కాచి, పట్టణములకు పోయిన తరువాత దానిని అమ్మి పిల్లలను పోషించుకొనెడివారు. నేటాలు చట్టము 1908లో ఈ సుర నమ్ముకొను హక్కును పురపాలకసంఘములకు గుత్తగా నిచ్చుటకు దారితీసినది. దర్బను పట్టణమున పురపాలకసంఘమే సురశాలలు తెరచి, ఆ లాభముతో నల్లవారిని అదుపుచేయు కార్యాలయములను నడపెను. 1929లో సురశాలలను బహిష్కరించిరి. 1959లో కేటో మేనర్ పేటలోని స్త్రీలు కర్రలు చేతబట్టి సురశాలలపై పడిరి. మన మండలమునుండియు దర్బనుకు కూలికి పోయిన తెలుగువారు కలరు గనుక ఈ కథ మనకు మిక్కిలి దూరపుది కాదు.

ఇక మన స్త్రీలమాట. 1983 తరువాత మన రాష్ట్రమున వారుణివాహిని పేర సర్కారుసారా పొట్లములలో ఊరూర చేరినది. 1992లో నెల్లూరుమండలమున దూబగుంట స్త్రీలు, అక్షరాస్యతా తరగతులలో సీతమ్మకథ యను పాఠము చదివి, సారాపాటలను ఆపించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధమైనది. 1995లో సంపూర్ణనిషేధము వచ్చి 1997లో సడలినది. ఈ ఉద్యమము సంస్కరణ వ్యాసములనుండి పుట్టలేదు. ఆ స్త్రీలు "మద్యము" అను భావముపై పోరాడలేదు. తమ వీధిలోనికి వచ్చిన సారాబండిని, దాని వెనుకనున్న పాటదారుని పోల్చుకొని వానిపై పోరాడిరి. వ్యాసకర్తలు చేయని విభజనను, అక్షరములు అప్పుడే నేర్చుకొనుచున్న ఆడువారు చేసిరి.

ఇంతమాత్రమున ధాన్యసురను నెత్తికెత్తికొని ఊరేగువారితో మేము చేరలేము. ఇటీవల మరియొక జాతి వ్రాతలు బయలుదేరినవి. అందు కొండవారి కుండ అమృతకలశము. వారి త్రాగుడు కళ. దానిని ప్రశ్నించువాడు సంస్కృతీద్రోహి. బెల్జియము దేశపు బీరుసంస్కృతి 2016లో యునెస్కో జాబితాకెక్కినదనియు, అస్సాములోని దిమాసాల జుడిమా యను బియ్యపుసురకు 2021లో భౌగోళికసూచిక లభించినదనియు వారు చెప్పుదురు. ఆ రెండును నిజమే. జుడిమాకు గుర్తింపు వచ్చుట మాకు సంతోషమే. అందు ధాన్యము, కిణ్వపు మూలిక, చేయు స్త్రీల నేర్పు అన్నియు లెక్కకు వచ్చినవి. కాని ఈ పొగడ్తవ్రాతలలో ఒక ప్రశ్న యెన్నడును రాదు: ఆ బియ్యమును దంచినదెవరు? పొయ్యిముందర రాత్రి మేలుకొన్న దెవరు? కుండ దిగిన మరునాడు పొలమునకు పోయినదెవరు, చెట్టునీడ పడుకొన్నదెవరు? పాలు మానిన పిల్లవానికి లంద పోయుటను కూడ అలవాటని మెచ్చుకొన్న వ్రాతను మేము చదివితిమి. బీదవాని యింట పిల్లవానికి కడుపునిండ తిండి లేదని వ్రాయవలసినచోట ఆచారమని వ్రాయుట పండితుని తప్పు. బియ్యము పులియుటచే విటమినులు పెరుగునన్నది నిజమైనను, కుండలోనికి పోయిన బియ్యము కంచములోనికి రాదనుట అంతకంటె నిజము. తక్కువ మత్తుగల పానమైనను అలవాటైనవాడు పరిమాణముతో ఆ కొరతను పూరించుకొనును.

కల్లుసంగతియు అంతే. చెట్టునుండి దిగిన కల్లును మెచ్చుకొనువారు దుకాణమున అమ్ముడగు కల్లును చూడవలెను. క్లోరల్ హైడ్రేటు, అల్ప్రజోలము వంటి మందులు కలిపిన కల్తీకల్లుకు తెలంగాణమున ఎందరు అలవాటుపడి, అది దొరకని దినమున పిచ్చియెత్తినట్లు ఆసుపత్రులలో చేరిరో పత్రికలు చదువువారికి తెలియును. ఇంటిపానమునకు అంగడిరూపము వచ్చుటతోనే దాని గుణము చెడును. ఆచారమును మెచ్చుకొనువారు ఆ మెచ్చికోలును మెల్లగా అంగడికి అప్పగించుట మేము చూచుచున్నాము. ఖండించువారు ఇంటికుండను సారాతో కలిపిరి. పొగడువారు అంగడిని ఇంటికుండతో కలుపుచున్నారు. తప్పు ఒక్కటే, దిక్కులు వేరు.

చట్టము ఈ విషయమున మన వ్యాసములకంటె ముందడుగు వేసినదని ఒప్పుకొనక తప్పదు. గిరిజనప్రాంతములలో మద్యపు దుకాణములను ఎత్తివేసి, ఇంటివాడుకకును మతకర్మలకును వారు చేసికొను పానమును విడిచిపెట్టవలెనని 1975లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు మార్గసూచనలిచ్చెను. 1996లో వచ్చిన పెసా చట్టము మరికొంత దూరము పోయి, మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకుగాని నియమించుటకుగాని షెడ్యూలు ప్రాంతపు గ్రామసభలకును పంచాయితీలకును అధికార ముండవలెనని చెప్పినది. కాగితముమీది అధికారము కొండమీద ఎంత నడచుచున్నదన్నది వేరు ప్రశ్న; ఎక్సైజువారి దాడిలో మొదట పగులునది కుండయే, దుకాణము కాదు. అయినను ఆ చట్టమునందలి వివేకము గమనింపదగినది. ఆ సభలో కుండపెట్టు ఇల్లాలును, త్రాగివచ్చిన మగనిచేత దెబ్బలుతిన్న ఇల్లాలును కూర్చుందురు. ఒక్కొక్కచోట ఆ యిద్దరును ఒక్కతెయే కావచ్చును. ఏ కుండ ఉండవలెను, ఏ దుకాణము పోవలెను అను విభజనను చేయదగినది ఆమెయే.

మా కడియపు పల్లములో పెసా చట్టము వర్తింపదు. పూలతోటల నడుమ బెల్టుషాపు వెలసినప్పుడు మా ఆడువారు అర్జీ వ్రాసికొని కార్యాలయములచుట్టు తిరుగవలసినదే. ఆ అర్జీలను వ్రాసిపెట్టుమని కొందరు మా యొద్దకు వత్తురు. వానిలో "మద్యము" అను మాటను కొట్టివేసి, ఏ వీధిలో, ఏ యింట, ఏ వేళ, ఏ సరకు అమ్ముచున్నారో వ్రాయుమని మేము చెప్పుచున్నాము.